గుర్రం ఉంది, తుపాకి లేదు

ఈ కాలంలో ఏదైనా అమ్మడం చిటికెలో పని అంటారు. ఫోను తీయ్, ఫొటో కొట్టు, పెట్టు. పాత బైకు, పాలు తగ్గిన బర్రె, పెండ్లిలో ఒక్క పూట కట్టి విప్పిన పట్టుచీర, అన్నీ అట్లనే పోతున్నాయి. మా గోస్పాడులో శనగల బేరం కూడా కళ్లంలో కంటే ముందు వాట్సాప్‌లో తెగుతోంది. బాగుంది నాయనలారా. మరి నా దగ్గరున్న తుపాకి సామాన్లు యాడ అమ్ముకోవాలో చెప్పండి, చూస్తా.

తుపాకి కాదు. ఠాణా వాళ్లు చదివినా చదవొచ్చు కాబట్టి ముందే చెప్తున్నా. తుపాకి ఎప్పుడో పోయింది. మా జేజినాయన నాటి ఒంటి గొట్టం అది. మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలిక పెట్టి, గజంతో దట్టించి, టోపీ తొడిగి కాల్చేది. మా నాయన కాలం చేసినాక ఆ లైసెన్సు వెంట తిరిగే ఓపిక ఇంట్లో ఎవరికీ లేక, పద్ధతి ప్రకారం ఒప్పజెప్పేసినాం. అటక మీది రేకు డబ్బాను మాత్రం అప్పుడు ఎవరూ అడగలేదు. అందులో గుర్రం ఒకటి (గుర్రమంటే మీట నొక్కగానే టోపీ మీద పడి కొట్టేది, సవారీ చేసేది కాదు), ఆ గుర్రం బిగించే పక్క బిళ్ల, లోపలి స్ప్రింగులు, తల అరిగిన స్క్రూలు, సీసం కరిగించి పోసే గుండ్ల అచ్చు, మందు పోసుకునే కొమ్ము. కొన్ని మా తుపాకివి, కొన్ని ఎవరెవరివో మా జేజినాయన కొనిపెట్టుకున్నవి. ఆ కాలంలో తుపాకి ఉన్న ఇంట్లో మారు సామాను లేకపోతే సంసారం లేనట్టే.

అప్పట్లో ఇవి ఎక్కడ అమ్మాలి అన్న ప్రశ్నే పుట్టలేదు. నంద్యాలలో తుపాకులు బాగుచేసే సాయిబు ఒకాయన ఉండేవాడు. మేం పిల్లలప్పుడు సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని మా నాయన తీసుకుపోయేవాడు. కావాలన్నా ఆయన దగ్గరే, వద్దన్నా ఆయన దగ్గరే. పాత గుర్రం తీసుకుపోతే ఆయన రేటు చెప్పడు, ముందు తుపాకి ఏదని అడుగుతాడు. "సామాను ఒక్కటే చూసి నేనేం చెప్పేది అన్నా, అది ఎవరి మీద కూర్చుంటుందో చూడాల గదా" అనేవాడు. తుపాకి బయటికి తీస్తే చెవి దగ్గర పెట్టుకుని గుర్రాన్ని బొటనవేలితో వెనక్కి లాగేవాడు. రెండుసార్లు పలకాలి. మొదటి టక్కు దగ్గర సగం. అక్కడ మీట ఎంత నొక్కినా గుర్రం కదలకూడదు. రెండో టక్కు దగ్గర నిండు. మొదటి టక్కు మెత్తగా వినపడిందంటే లోపలి ముక్కకు కోసిన గాటు అరిగిందన్నమాట. ఎగువకు మోసుకుపోయేటప్పుడు అది జారితే పక్కనున్నవాడి కాలు పోతుంది. సాయిబు తుపాకిని ఒళ్లో పెట్టుకుని, ఆకురాయితో ఆ గాటును రెండే రెండు గీతలు గీసి, మళ్లీ బిగించి, మళ్లీ చెవి దగ్గర పెట్టుకునేవాడు. చదువుకున్న డాక్టరు గుండెకాయ విన్నట్టు వినేవాడాయన.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పాత తుపాకి సామాను ఒక తుపాకిది ఇంకో తుపాకికి సరిపోదు. ఇది ఇప్పటి పిల్లకాయలకు ఎక్కదు. ఒక మోడల్ ఫోనుకు కొన్న బ్యాటరీ ఆ మోడల్ ఫోన్లన్నిటికీ పడుతుంది కాబట్టి గుర్రం కూడా అంతే అనుకుంటారు. పాతకాలం పనివాళ్లు ఒక్కో ముక్కను చేత్తో సానబట్టి పక్క ముక్కకు కుదిర్చినారు. స్క్రూ చుట్లకు కూడా ఒక కొలత అంటూ లేదు. ఎవరి దుకాణంలో వాళ్లదే మర. ఇంగ్లండులో విట్‌వర్త్ దొర స్క్రూ చుట్లకు ఒకే కొలత ఉండాలని ప్రతిపాదించింది 1841లో. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకి వచ్చినాక అమెరికా నుంచి యంత్రాలు తెప్పించుకుని, ఎన్‌ఫీల్డ్ కర్మాగారంలో ఒక తుపాకి ముక్క ఇంకోదానికి పట్టేట్టు చేసినారు. ఆ ఎన్‌ఫీల్డే, కొవ్వు పూసిన తూటాల గొడవతో 1857లో సిపాయిలను తిరగబడేట్టు చేసింది. అంటే కర్మాగారంలో పుట్టిన సామాను అయితే సరే, ఊరి కమ్మరి కొలిమిలో పుట్టిందైతే తల్లి తుపాకి తప్ప దానికి వేరే దిక్కు లేదు. నా డబ్బాలో రెండు రకాలూ ఉన్నాయి. ఫొటోలో రెండూ ఒక్కతీరుగానే కనపడతాయి.

మా మనవడు డల్లాస్‌లో ఉంటాడు. వాడికి వీడియో కాల్‌లో డబ్బా చూపించినాను. వాడి కళ్లు ఎంతెంత అయినాయో. "జేజినాయనా, ఇవి ఈడైతే ఎగబడి కొంటారు. పంపియ్యి" అన్నాడు. వాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అమెరికాలో 1968 నాటి చట్టం ప్రకారం 1898లోగా తయారైన తుపాకి పాతవస్తువు కింద లెక్క, కేంద్రం నుంచి లైసెన్సు అడగరు. ఈబే కంపెనీ 1999లో తుపాకుల అమ్మకం ఆపేస్తే, అదే సంవత్సరం గన్‌బ్రోకర్ అని తుపాకులకే ప్రత్యేకంగా ఒక వేలం అంగడి పుట్టుకొచ్చింది. విడి సామాన్ల కోసమే బతికే కంపెనీలు కూడా ఉన్నాయంట. బ్రిటన్‌లో 2021లో కొత్త నిబంధనలు పెట్టి, 1939 సెప్టెంబరు 1 నుంచి తయారైనవాటిని పాత తుపాకులుగా ఒప్పుకోమని గీత గీసినారు. ఒక్కో దేశానికి ఒక్కో గీత. మన దగ్గర ఆ గీత ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే అడుగడుగుకూ చట్టమే తగులుతుంది.

ఈ మాట వినండి. మన 1959 ఆయుధాల చట్టంలో తుపాకి అంటే తుపాకి ఒక్కటే కాదు, దాని భాగాలు కూడా తుపాకి కిందికే వస్తాయి. స్ప్రింగు చేతిలో పట్టుకుని "ఇది తుపాకి కాదు సార్" అంటే చెల్లదు. అదే చట్టంలో 45వ సెక్షన్ కొంచెం కనికరించింది. కాలం చెల్లిన నమూనాదో, పురాతన విలువ ఉన్నదో, చెడిపోయిందో అయి, బాగుచేసినా చేయకపోయినా కాల్చడానికి పనికిరానిదైతే ఈ చట్టం వర్తించదు. చిన్నచిన్న ముక్కలు కూడా, మిగతా ముక్కలతో కలిపి వాడే ఉద్దేశం లేకపోతే, దగ్గర ఉంచుకోవచ్చు. ఉంచుకోవచ్చు, కొనొచ్చు, మోసుకుపోవచ్చు అని రాసినారు. అమ్మొచ్చు అని ఆ వాక్యంలో లేదు. రాసినవాడు ఎవడో గానీ మా సాయిబు కంటే సన్నగా ఆకురాయి పట్టినాడు.

తుపాకిని చట్టప్రకారం అమ్ముకోవాలంటే దారి లేకపోలేదు. కలెక్టరుకో, దగ్గరి ఠాణా అధికారికో ఫలానావాళ్లకు అమ్ముతున్నానని రాతపూర్వకంగా చెప్పి, 45 రోజులు ఆగి, లైసెన్సు ఉన్నవాడికే ఇవ్వాలి. ఫోనులో "ఈరోజే ఆఖరు" అని ఎర్ర అక్షరాలతో బెదిరించే అంగడికి ఈ 45 రోజుల సంగతి చెప్తే నవ్వుతుంది.

ఇక అమెరికాకు పంపడం. 1972 నాటి పురావస్తువుల చట్టం 1976 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. వందేళ్లు దాటిన వస్తువును కేంద్ర ప్రభుత్వం, అది అనుమతించిన సంస్థ తప్ప ఇంకెవరూ దేశం దాటించకూడదు. దాటిస్తే ఆరు నెలలకు తక్కువ కాకుండా మూడేళ్ల దాకా జైలు. దేశం లోపల అమ్మే వ్యాపారానికి కూడా లైసెన్సు ఉండాలి. నా డబ్బాలో సామాను వందేళ్లదని రుజువైతే ఈ చట్టం పట్టుకుంటుంది, వందేళ్లది కాదని రుజువైతే తుపాకి చట్టం పట్టుకుంటుంది. ఇది చెప్తే మనవడు "అయితే గమ్మునుండు జేజినాయనా" అన్నాడు. అంతకుముందు ఎగబడి కొంటారన్న గొంతే అది.

బయటి దేశాల్లో మాత్రం మన సామాన్లకు వచ్చే ధరలు వింటే కడుపు మండుతుంది. 2019 మార్చిలో ఇంగ్లండులో ఒక ఇంటి అటక మీద దొరికిన టిప్పు సుల్తాన్ నాటి తుపాకిని వేలం వేస్తే 60,000 పౌండ్లు పలికింది. శ్రీరంగపట్నం నుంచి ఒక ఈస్టిండియా కంపెనీ మేజరు ఎత్తుకుపోయిన సామాన్లలోదంట. ఆయన వంశంవాళ్ల అటక మీద ఉంటే 60,000 పౌండ్లు, నా అటక మీద ఉంటే ఠాణా. నేపాల్ సంగతి చూడండి. ఖాట్మండూలో లగన్ సిలేఖానా అని పాత ఆయుధశాల ఉండేది. 2003లో అమెరికా వ్యాపారులు అందులోని వేల తుపాకులను ఒక్క బేరంతో కొని ఓడ ఎక్కించినారు. వందేళ్లకు పైబడిన దుమ్ముతో సహా. ఇప్పటికీ వాటిని, వాటి ముక్కలను విడివిడిగా అమ్ముకుంటున్నారు. సర్కారు అమ్మితే వాణిజ్యం, మనం అమ్మితే నేరం అని నేననను. అనుకుంటానంతే.

మన దేశంలో ఫోను అంగళ్లు ఆయుధాలను దగ్గరికి రానీయవు. ఫేస్‌బుక్ 2016 జనవరిలోనే మనుషుల మధ్య తుపాకుల అమ్మకాలు, విడిభాగాలతో సహా, తన దగ్గర వద్దని చెప్పేసింది. ఈబే వాళ్ల మన దేశపు అంగడి 2018 ఆగస్టులో మూతపడింది. ఇంకో అంగట్లో (పేరెందుకు) మా పక్కింటి పిల్లోడు నా మందు కొమ్ము ఫొటో పెట్టినాడు. ఎద్దు కొమ్ము, ఇత్తడి మూత, అంతే. తెల్లారేసరికి తీసేసినారు. ప్రమాదకరమైన వస్తువంట. అదే అంగట్లో రెండు పేజీలు తిప్పితే గొడ్డళ్లు, వేట కొడవళ్లు వరుసగా ఉన్నాయి, వ్యవసాయ పనిముట్లు అన్న పేరుతో. కొడవలి ఏ వ్యవసాయానికి ఎక్కువ వాడినారో మా సీమ మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

తీసేసేలోపే ఒకడు ఫోన్ చేసినాడు. తను మిలిటరీలో ఉన్నానన్నాడు, హిందీలో మాట్లాడినాడు, బేరం ఆడకుండా నేను అడిగినదానికి ఒప్పుకున్నాడు. అక్కడే నాకు అనుమానం తగిలింది. మా వైపు బేరమాడకుండా కొనేవాడు ఇంతవరకు పుట్టలేదు. "క్యూఆర్ కోడ్ పంపుతా, స్కాన్ చేస్తే డబ్బులు మీ ఖాతాలో పడతాయి" అన్నాడు. డబ్బు పడాలంటే స్కాన్ చేయనక్కర్లేదని, స్కాన్ చేసి రహస్య అంకె కొడితే పోయేది మన డబ్బేనని, ఈ మిలిటరీ మోసం గురించి పేపర్లు ఎన్నిసార్లు రాసినాయో. ఫోన్ పెట్టేసినా. ట్రాక్టరు బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకు లక్షలిస్తామన్నది కూడా ఈ జాతే. పాత నోట్లు, నాణేల పేరుతో మోసపోవద్దని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. మా ఊళ్లో ఇప్పటికీ బీరువాలు వెతుకుతూనే ఉన్నారు.

ఇంకో రోగం ఉంది. 2019 అక్టోబరులో, కంపెనీ సర్కారు మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథతో సైరా సినిమా వచ్చింది. అప్పటినుంచి మా చుట్టుపక్కల తుప్పుపట్టిన ప్రతి ఇనుపముక్కా ఆయనదే అయిపోయింది. కోయిలకుంట్ల మాకు ఎంత దూరమని? 1846లో ఆయన అక్కడి ఖజానా మీద పడినాడు, 1847 ఫిబ్రవరి 22న అక్కడే ఉరి తీసినారు, ఆ తల కోట గుమ్మానికి ముప్పై ఏళ్లు వేలాడింది. ఇది చిన్నప్పటినుంచి అవ్వల నోట విన్నదే. ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టినందుకు నాకూ సంతోషమే. కానీ ఆయన ఎన్ని తుపాకులు పట్టుకుంటే ఇన్ని గుర్రాలు మిగిలుంటాయప్పా? ఎవడో ఒకడు నా పక్క బిళ్లను చూసి "పెద్దాయనా, దీన్ని సైరా కాలంది అని పెట్టండి, పది రెట్లు వస్తుంది" అన్నాడు. నేను వాణ్ని దగ్గరికి పిలిచి బిళ్ల వెనక్కి తిప్పి చూపించినా. కంపెనీ సర్కారు తుపాకుల మీద కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం ముద్ర ఉంటుంది. అది ఉంటే అప్పుడు మాట్లాడొచ్చు. అది కూడా నమ్మేటట్టు లేదు, ఆ ముద్రలు గుద్దిన నకిలీలు ఉత్తరాదిలో గంపల కొద్దీ తయారవుతున్నాయి. నా బిళ్ల మీద సింహమూ లేదు, కిరీటమూ లేదు. లోపలి పక్క ఉలితో గీసిన చిన్న గుర్తు ఉంది. మూడు గీతలు. చేసినవాడు ఏ ముక్క దేనితో కలవాలో తెలియడానికి గీసుకున్నది. నా దృష్టిలో సింహం కంటే ఆ మూడు గీతలకే విలువ. అది ఫొటోలో పడదు.

ఆ మూడు గీతలు కూడా దాదాపు పోయినాయి. మా పెద్దకోడలు, చాలా మంచి మనిషి, అతిథులొస్తున్నారని ఆ బిళ్లను చింతపండుతో తోమి, ఎమరీ పేపరు పట్టించింది. తళతళా మెరిసింది. పాతవస్తువులు తెలిసినవాడెవడైనా చూస్తే ఏడుస్తాడు. ఇనుము మీద ఏళ్ల తరబడి పట్టిన గోధుమరంగు పొర దాని వయసుకు సాక్ష్యం. అది తీసేస్తే అది నిన్న చేసింది కాదని చెప్పే నోరు దానికి ఉండదు. తుప్పు పెరగకుండా పొడిగుడ్డతో తుడిచి కాస్త నూనె రాస్తే చాలు. ఈ మాట కోడలికి చెప్పినా. "మామా, మెరవకపోతే ఎవరు కొంటారు?" అంది. ఈ కాలం ప్రశ్న అది.

మా రోజులన్నీ బంగారమని చెప్పడానికి నేను ఈ కాగితం పట్టుకోలేదు. అప్పట్లో ఎవరింట్లో తుపాకి ఉందో మునసబుకు నోటి లెక్క ఉండేది. మునసబు, కరణం కొలువులు 1984లో రద్దయినాయి, లెక్కా పోయింది. ఆ నోటి లెక్కలో రాయనివి కూడా చాలా ఉండేవి. అహోబిలం, రుద్రవరం పక్క నల్లమల అంచు ఊళ్లలో అడవి పందుల నుంచి పంట కాపాడుకోవడానికి లైసెన్సు ఇచ్చేవాళ్లు. ఆ లైసెన్సు నీడలో లైసెన్సు లేనివి రెండు తిరిగేవి. కొలిమిలో పుట్టిన నాటు తుపాకులు పందుల మీదే పేలలేదు. సాయిబు "ఇది ఎవరి మీద కూర్చుంటుందో చూడాల" అనేవాడు గదా, కొన్ని సామాన్లు చూసి వెనక్కి ఇచ్చేసేవాడు కూడా. "ఇది నా దగ్గరికి రాలేదు, నేను చూడలేదు" అనేవాడు. ఎందుకో మా నాయన ఎప్పుడూ చెప్పలేదు, మేం అడగలేదు. చట్టం గట్టిపడిందంటే ఊరికే గట్టిపడలేదు. ఆ సంగతి ఒప్పుకోనివాడు సీమలో పుట్టినవాడు కాడు.

ఎన్నికలొస్తే చూడాలి. లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పాలి. మా నాయన తువ్వాల్లో చుట్టుకుని, భుజాన వేసుకుని, పెండ్లికూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు మొహం పెట్టుకుని పోయేవాడు. రశీదు ఇచ్చేవాళ్లు. ఫలితాలొచ్చినాక పోతే, తుపాకి గోడవారగా ఇంకో ఇరవై ముప్పైతో కలిసి నిలబడి ఉండేది, గొట్టంలో సాలెగూడుతో. గజం ఇంకొకళ్లది ఉండేది. ఒకసారి అట్లా మారిపోయిన గజమే ఇప్పుడు నా దగ్గర ఉంది. దాని సొంతదారు ఎవరో తెలియదు, వాళ్లింట్లో మాది ఉండుంటుంది. 2024 మే 13 పోలింగు ముందు కూడా అదే తంతు, చూసినా. ఇప్పుడు ప్రతి లైసెన్సుకూ కంప్యూటర్లో నంబరు ఉంది. 2019 సవరణతో ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదన్నారు, అంతకుముందు మూడు. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచినారు. అది మంచిదే. నంబరు వేసినందుకు గజాలు మారకపోతే ఇంకా మంచిది.

అటు తిరిగి ఇటు తిరిగి నాకు మిగిలింది ఒక్కటే దారి, లైసెన్సు ఉన్న తుపాకుల వ్యాపారి. మనవడి గన్‌బ్రోకర్ వద్దు, పక్కింటి పిల్లోడి యాప్ వద్దు. కలెక్టరు కోసం కర్నూలు దాకా పోయే బాధ కూడా తప్పింది, 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాలే జిల్లా. ఠాణాలో కాగితం రాసిచ్చినా. రాసుకున్న కుర్ర కానిస్టేబుల్ "గుర్రం అంటే ఏంది పెద్దాయనా?" అని అడిగినాడు. డబ్బా తెరిచి, గుర్రాన్ని బిళ్ల మీద పెట్టి, వెనక్కి లాగి వినిపించినా. స్ప్రింగు మెత్తబడింది గానీ ఆ రెండు టక్కులూ ఇంకా ఉన్నాయి. ఆ పిల్లోడు రెండోసారి లాగమన్నాడు. కాగితంలో మాత్రం "పాత ఇనుప సామాను, 1 డబ్బా" అని రాసుకున్నాడు.

వ్యాపారి డబ్బా అంతా బల్ల మీద బోర్లించి, గుండ్ల అచ్చు ఒక్కటి పక్కన పెట్టి, మిగతాదాన్ని త్రాసులో వేసినాడు. కిలోల లెక్క చెప్పినాడు. మూడు గీతలు చూపించినా. "అది మీకు, తాతా, నాకు తూకమే" అన్నాడు. అయితే ఇవ్వనని చెప్పి డబ్బా మూసి పక్కకు జరుపుకున్నా. 45 రోజుల గడువు ఉంది గదా, ఆ లోపల నేను అడిగిన రేటు ఎందుకో వాడికి అర్థమయ్యేదాకా వారం వారం పోతా. బస్సు టికెట్టు నా డబ్బే.